రాయి నిలబెట్టిన ఎండాకాలం

మా దీవిలో కందికోతలు అయిపోగానే మేకలనూ గొర్రెలనూ తాళ్ళు విప్పి వదిలేస్తాం. మళ్ళీ తొలివాన పడేదాకా అవి ఎవరి చేల్లో తిరిగినా అడిగేవాళ్ళుండరు. ఆ ఏడు వాటిని వదిలిన వారంలోనే ఒక పొద్దున టైటస్ మామయ్య మా ఇంటికి వచ్చి, ఇంకా కూర్చోకుండానే, "రాత్రి అమ్మ కలలోకి వచ్చింది," అన్నాడు.

మా అమ్మ వాకిట్లో పీట మీద కూర్చుని ఎండిన కందికాయలు ఒలుస్తోంది. తల ఎత్తలేదు.

"ఏమంది?" అని నేనే అడిగాను.

"ఏమంటుంది? నన్ను ముళ్ళపొదల్లో పడేసి మీరంతా కప్పుల కింద పడుకున్నారు కదరా అంది. ఎదురుగా నిలబడి, పైపు నోట్లోంచి తియ్యకుండానే తిట్టింది. పొగాకు వాసన కూడా తగిలింది నాకు."

"అది నీ చొక్కా వాసన," అంది అమ్మ.

మామయ్య పట్టించుకోలేదు. "రాయి పెట్టెయ్యాలక్కా. అమ్మ పోయి నాలుగేళ్ళు కావస్తోంది. ఆవిడా పడుకుంటుంది, మనమూ పడుకుంటాం."

అమ్మ ఒలిచిన గింజల్ని చేటలోకి తోసి, పొట్టు ఊదేసి, "నాతో ఏమీ అనలేదు," అని లోపలికి వెళ్ళిపోయింది.

మా కారియకూ దీవిలో మనిషిని పూడ్చిపెట్టడంతో పని అయిపోదు. కొన్నేళ్ళకి, గాదెలో కాస్త గింజలూ దొడ్లో కాస్త జీవాలూ ఉన్నప్పుడు, సమాధి మీద రాయి నిలబెట్టి, ఊరందరికీ అన్నం పెట్టి, డోళ్ళు వాయించి పాటలు పాడితేనే ఆ మనిషిని సాగనంపినట్టు. అప్పటిదాకా పోయినవాళ్ళు కలల్లోకి వస్తూనే ఉంటారు. అది కావాలంటారు, ఇది చెయ్యలేదంటారు. రాయి నిలిచాక ఇక రారు. నేను తాపీ మేస్త్రిని. సిమెంటుతో రాయి పోత పొయ్యాల్సింది నేనే కాబట్టి, మామయ్యకి వచ్చిన కలలో సగం పని నాకు చెప్పడానికి వచ్చినట్టే.

అమ్మమ్మ పేరు ఎస్టినా. పొడుగ్గా ఉండేది. నెత్తి మీద బుట్ట పెట్టుకుని కొండ ఎక్కుతూ కూడా ఎవరితోనో ఒకరితో గొడవ పెట్టుకోగలిగేది. డోళ్ళ దగ్గర పాట ఎత్తేది ఆవిడే. గాలి ఇటు ఉన్నప్పుడు అమ్మమ్మ పాడితే రేవులో వలలు కుట్టుకునేవాళ్ళు పని ఆపేవారని చెప్పుకునేవారు. నేను పని నేర్చుకుని మొదటిసారి సొంతంగా కట్టిన గోడని చూడటానికి ఎండలో నడిచి వచ్చింది. చెంప గోడకి ఆనించి, ఒక కన్ను మూసి, గోడ పొడుగునా చూసింది. "ఒరేయ్ ఎల్విన్, దీనికి కడుపొచ్చిందిరా. ఎవడు కారణం?" అంది. కూలీలు పొట్టలు పట్టుకుని నవ్వారు. నేను ఆ గోడ పడగొట్టి మళ్ళీ కట్టాను. ఆవిడ మళ్ళీ వచ్చింది. ఈసారి ఏమీ అనకుండా ఆ గోడకే వీపు ఆనించి పైపు వెలిగించుకుంది. ఈ పనిలో నాకు అంతకు మించిన మెప్పు ఇంకెవరి దగ్గరా దొరకలేదు.

అంత నోరున్న మనిషి చివరి మూడేళ్ళు ఒక్క మాట లేకుండా బతికింది. పక్షవాతం వచ్చి కుడివైపంతా పడిపోయింది, మాట పోయింది. మా ఇంట్లో కిటికీ పక్కన మంచం. అమ్మే తుడిచేది, అమ్మే తినిపించేది, అమ్మే తిప్పి పడుకోబెట్టేది. ఎడమచేత్తో మంచంపట్టె మీద గోటితో గీకితే ఏం కావాలో, అరచేత్తో కొడితే ఏం కావాలో అమ్మకి తప్ప ఎవరికీ తెలిసేది కాదు. నేను అదే ఇంట్లో ఉండేవాణ్ణి, నాకూ తెలిసేది కాదు. అమ్మ మాత్రం వంటింట్లోంచే, "వస్తున్నా, నీళ్ళేగా," అనేది.

అందుకే ఆ ఎండాకాలం అమ్మకి గుచ్చుకుందేమిటో నాకు తేలిగ్గానే అర్థమైందనుకున్నాను. మామయ్య వచ్చి వెళ్ళిన కొన్నాళ్ళకే క్లెమీ పిన్నికి కల వచ్చింది. పిన్ని అమ్మకి చెల్లెలు, దీవికి అటువైపు పడవలు కట్టే ఊళ్ళో ఉంటుంది. ఆ తర్వాత చర్చి గంట కొట్టే ఆయనకి వచ్చింది. రమ్ము కొట్టు వాడికి వచ్చింది. వాడి కలలో అమ్మమ్మ, కొట్టు గోడకి సున్నం వేయించుకోరా దరిద్రుడా అందట. వాడు నిజంగానే వేయించాడు.

"మూడేళ్ళు నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు," అంది అమ్మ ఆ సంగతి విని. "ఇప్పుడు ఊరందరితో కబుర్లు చెబుతోంది."

నవ్వుతూనే అంది. కానీ ఆ రోజు వంటలో ఉప్పు వెయ్యడం మర్చిపోయింది. నేను అలాగే తిన్నాను.

ఆదివారం చర్చి అయ్యాక అందరూ మా వాకిట్లో చేరారు. ఫెలిసీన్ అవ్వని కూడా పిలిచారు. అమ్మమ్మ తర్వాత పాట ఎత్తేది ఆవిడే, ఇలాంటి వాటిలో ఎవరి మాటకైనా పైమాట ఆవిడదే. వానలకు ముందే రాయి పెట్టాలన్నారు. మామయ్య రెండు గొర్రెలిస్తానన్నాడు, పిన్ని బియ్యమూ మొక్కజొన్న పిండీ తెస్తానంది. సిమెంటు నేను చూసుకుంటానన్నాను.

"ఇసుక?" అంది అవ్వ.

"సముద్రపు ఇసుకే అవ్వా. కానీ ఉప్పు పోయేదాకా మంచినీళ్ళతో కడగాలి. లేకపోతే రాయి పొట్టు రాలిపోతుంది. పోసిన తర్వాత కూడా రోజూ తడపాలి."

అందరి చూపూ మా తొట్టి వైపు తిరిగింది. మా దీవిలో ఏరు లేదు, బావి తవ్వితే ఉప్పునీరు. కప్పు మీద పడ్డ వానే ఇంటి పక్క తొట్టిలోకి దిగుతుంది, ఏడాదంతా అదే. ఆ ఏడు వానలు సరిగ్గా పడలేదు. పిన్ని వాళ్ళ తొట్టి పగిలి అడుగున బురద మిగిలింది. మామయ్య వాళ్ళది చిన్నది. మా తొట్టి ఒక్కటే సగం నిండి ఉంది. దాని మూతకి తాళం ఉంటుంది, తాళంచెవి అమ్మ మెళ్ళో ఉంటుంది.

"నేను ఇవ్వను," అంది అమ్మ.

"అక్కా..."

"తాగడానికి కావాలా, ఇస్తాను. ఎవరొచ్చినా ఇస్తాను. దీనికి ఇవ్వను. ఆవిడ నన్నడగలేదు. మిమ్మల్ని అడిగింది కదా, మీ నీళ్ళతో చేసుకోండి."

మామయ్య నా వైపు తిరిగి, "సముద్రపు నీళ్ళతోనే కలిపెయ్యి రా. అమ్మ పడవల మధ్య పుట్టిన మనిషి, ఏమీ అనుకోదు," అన్నాడు.

"నేననుకుంటాను," అన్నాను. "అయిదేళ్ళకి అక్షరాలు రాలిపోతాయి మామయ్యా."

ఫెలిసీన్ అవ్వ కర్ర ఊతంతో లేచింది. "సముద్రపు నీళ్ళూ వద్దు, అరువు నీళ్ళూ వద్దు. ఎస్టినా ప్రాణం ఈ ఇంట్లో పోయింది. ఈ ఇంటి నీళ్ళు, పెద్దకూతురి చేతి నీళ్ళు పడాలి. లేకపోతే పాట నేను ఎత్తను." వెళ్తూ వెళ్తూ అమ్మ దగ్గర ఆగింది. "ఐడలీన్, మీ అమ్మ మొండిదే. కానీ నీ అంత కాదు."

అమ్మ ఆవిడకి తాగడానికి ఒక గ్లాసు నీళ్ళిచ్చి పంపింది.

నేను గాడిద మీద రేవు నుంచి ఇసుక తోలి తొట్టి పక్కనే పోశాను. కావాలనే అక్కడ పోశాను. అమ్మ వస్తూ పోతూ చూస్తుందని. ఆమె దాని చుట్టూ నడిచి వెళ్ళేది. మేకలు వచ్చి ఆ కుప్ప మీద పడుకునేవి. ఎండ ముదిరింది. కొండ మీద గడ్డి పండిపోయి, తర్వాత తెల్లబడి, ఆఖరికి మట్టే కనిపించింది. మా పక్కింటివాళ్ళ ఆవు ఒకటి నీళ్ళు లేక కాళ్ళు ముడుచుకుంటే అమ్మే తాళం తీసి రెండు బకెట్లు తోడి ఇచ్చింది. నేను చూస్తూ నిలబడ్డాను.

"ఆవుకిస్తావు," అన్నాను.

"ఆవు బతికుంది," అంది అమ్మ.

అమ్మతో నేను అంతకు ముందెప్పుడూ మాట మానలేదు. ఆ నెలలో కొన్నాళ్ళు మానేశాను. ఒకే ఇంట్లో, ఒకే కుండలోది తింటూ, ఆమె గిన్నె ముందుకు తోసేది, నేను తీసుకునేవాణ్ణి. అమ్మమ్మ మంచం ఇంకా కిటికీ దగ్గరే ఉంది. దాని మీద దుప్పటి అమ్మ శనివారం శనివారం మార్చేది. అందులో వింతేమీ ఉన్నట్టు నాకు అనిపించలేదు.

ఈస్టర్ వెళ్ళాక క్లెమీ పిన్ని వచ్చింది. దీవిలో మనుషుల్ని తిప్పే ట్రక్కు దిగి, దుమ్ము కూడా దులుపుకోకుండా నేరుగా వంటింటి పాకలోకి వెళ్ళింది. అమ్మ పొయ్యి మీద కందులూ కొబ్బరిపాలూ వేసి కలుపుతోంది. నేను బయట గోనెసంచులు కుట్టుకుంటున్నాను. తలుపు లేని పాక, ప్రతి మాటా వినిపిస్తోంది.

"నువ్వు అమ్మని మూడేళ్ళు చూశావు. కాదనను," అంది పిన్ని. "ఊరంతా చెప్పుకుంటుంది. అంతమాత్రాన ఆవిడ నీ ఒక్కదాని సొత్తా?"

"ఆ మూడేళ్ళలో నువ్వెన్నిసార్లు వచ్చావే?"

"వచ్చినప్పుడల్లా నన్ను గుమ్మంలోనే నిలబెట్టావు. నిద్రపోతోంది, రేపు రా అన్నావు. రేపు వస్తే, తుడుస్తున్నాను, సాయంత్రం రా అన్నావు. సాయంత్రం నాకు ట్రక్కు ఉండేది కాదు."

"నిన్ను చూస్తే ఏడ్చేది. ఏడిస్తే ఊపిరి అందేది కాదు."

"నన్ను చూసి ఏడవడానికి కూడా ఆవిడకి నీ సెలవు కావాలా?"

గరిటె కుండకి తగులుతున్న చప్పుడు వినిపించింది. పిన్ని ముక్కు చీదింది. తర్వాత ఆమె గొంతు మెత్తబడింది.

"పోనీలే. అందుకేనేమో నా దగ్గరికి అంత చక్కగా వచ్చింది. మా ఇంటి ముందు ఎత్తు ఉంది చూడు, చెప్పులు లేకుండా దాన్నెక్కి వచ్చింది. నెత్తిన బుట్ట, బుట్టనిండా బెండకాయలు. ఆయాసం కూడా లేదు. ఏమే, ఇంకా పడుకున్నావా, పొద్దెక్కింది అంది."

గరిటె చప్పుడు ఆగింది.

"నడిచి వచ్చిందా?" అంది అమ్మ.

"నడవక?"

"కుడికాలు?"

"కుడికాలికేమైంది? రెండు కాళ్ళ మీదా..." అని పిన్ని ఆగిపోయింది.

కాసేపటికి అమ్మ బయటికి తొంగి చూసి, ఆ నెలలో మొదటిసారి నన్ను పేరు పెట్టి పిలిచింది. "ఎల్విన్, మీ మామయ్యకి ఎలా కనిపించిందన్నాడు?"

"పైపు తాగుతూ. నిలబడి తిట్టిందన్నాడు."

"పైపు ఏ చేత్తో పట్టుకుంది?"

"అడగలేదమ్మా."

ఆమె లోపలికి వెళ్ళింది. ఇక గొడవ లేదు. పిన్నికి గిన్నెనిండా కందులు పెట్టి, "తిని వెళ్ళు," అంది. పిన్ని తింది. నేను ట్రక్కు ఎక్కించడానికి వెళ్తే, "మీ అమ్మ ఏంట్రా అలా అయిపోయింది? ఇంకా నాలుగు తిడుతుందనుకున్నాను," అంది.

మర్నాడు తెల్లవారుతూనే తొట్టి దగ్గర బకెట్ చప్పుడుకి మెలకువ వచ్చింది. వెళ్ళి చూస్తే అమ్మ మూత తెరిచి నీళ్ళు తోడుతోంది. ఇసుక కుప్ప మీద మేకల్ని అప్పటికే తోలేసింది. నేను పాత తెరచాప గుడ్డ పరిచి జల్లెడ పెట్టాను. నేను ఇసుక తట్టతో ఎత్తి పోస్తుంటే ఆమె పైనుంచి నీళ్ళు పోసింది. కిందికి కారుతున్న నీళ్ళని కూడా ఆమె పళ్ళెంలో పట్టి నిమ్మమొక్కకి పోస్తోంది. ఆ ఉప్పునీళ్ళకి మొక్క చచ్చిపోతుందని చెప్పాల్సి వచ్చింది.

"రాదని మీకెవరు చెప్పారు?" అంది అమ్మ ఉన్నట్టుండి.

"ఎవరు?"

"ఆవిడ. నాతో ఏమీ అనలేదన్నాను. రాలేదని నేనెప్పుడన్నాను?"

నేను తట్ట కింద పెట్టాను.

"రోజూ వస్తుంది. వస్తుందని కూడా కాదు, ఉంటుంది. ఆ మంచం మీదే ఉంటుంది. నేను జుట్టు దువ్వుతూ ఉంటాను. నూనె రాస్తాను, పాయలు తీస్తాను, ఒకవైపు అల్లుతాను. రెండోవైపు అల్లేలోపల తెల్లారిపోతుంది. మాట్లాడదు. ఎప్పుడు మాట్లాడింది గనక. నాకు అది చాలనిపించింది రా. రాయి పెడితే అదీ పోతుంది కదా."

ఒక బకెట్ పోసింది. ఇంకొకటి తోడటానికి వంగి, తొట్టిలోకి చూస్తూ అలాగే ఉండిపోయింది.

"అందరి దగ్గరా నడుస్తోందట. రెండు కాళ్ళ మీదా. ఎత్తులు ఎక్కుతోందట. నా దగ్గరే మంచంలో ఉంది, ఆ పడక పుళ్ళతో. నేనే లేవనివ్వట్లేదు."

ఏదో అనాలనిపించింది. అమ్మకి ఓదార్పు మాటలు చెప్పడం నాకు చేతకాదు, చెబితే వినే మనిషీ కాదు. ఇసుకలో ఉప్పు పోయిందో లేదో మేం నాలుక మీద వేసుకుని చూస్తాం. చిటికెడు తీసి ఆమె చేతిలో పెట్టాను. "చూడు."

ఆమె నాలుక మీద పెట్టుకుంది. కళ్ళు తుడుచుకుని ఉమ్మింది. "ఇంకా ఉంది," అంది.

మళ్ళీ కడిగాం.

రాయి మీద ఏం ఉండాలన్న దాని మీద మామయ్యకీ పిన్నికీ పేచీ వచ్చింది. మామయ్య పడవ బొమ్మ ఉండాలన్నాడు. పిన్ని బైబిల్లోంచి పెద్ద వాక్యం ఒకటి తెచ్చింది. అంత వాక్యానికి రాయి చాలదు, పక్కవాళ్ళ సమాధి మీదికి పోతుంది అన్నాను. ఆఖరికి అమ్మని అడిగితే, "పేరు చాలు. మిగతాది తెలిసినవాళ్ళకి తెలుసు," అంది. చెక్కమూసలో అక్షరాలు తిరగేసి చెక్కి, కడిగిన ఇసుకా కంకరా సిమెంటూ కలిపి, ఒక చల్లని ఉదయం పోత పోశాను. నాలుగు మూలలా కర్రతో పొడిచి గాలి పోనిచ్చాను. నా చేతి కింద ఎన్నో అరుగులు, మెట్లు, తొట్లు తయారయ్యాయి కానీ ఏ పనిలోనూ చేతులు అంత నిదానంగా కదల్లేదు.

పోత ఆరేటప్పుడు తడుపుతూ ఉండాలి, లేకపోతే బీటలు వారుతుంది. ఆ పని అమ్మ నాకు వదల్లేదు. గోనెసంచులు తడిపి రాయి మీద కప్పేది. మధ్యాహ్నం ఎండ పక్కనుంచి పడితే అటువైపు తాటాకుల తడక నిలబెట్టేది. నేను పని నుంచి వచ్చేసరికి సంచులు ఎప్పుడూ తడిగానే ఉండేవి. ఒక సాయంత్రం రాయి దగ్గర నిలబడి, "రెండోవైపుకి తిప్పాలా?" అని అడిగింది.

"అక్కర్లేదమ్మా. దీనికి పుళ్ళు పడవు."

అనేశాక నాలుక కరుచుకున్నాను. కానీ అమ్మ నవ్వింది. ఆమె అలా పళ్ళు కనిపించేలా నవ్వి చాలా కాలమైంది.

మే నెల మొదట్లో, మబ్బులు దక్షిణం నుంచి పోగవుతున్న రోజుల్లో రాయి పెట్టాం. రెండు రోజులుగా మా వాకిట్లో పొయ్యిలు ఆరలేదు. మామయ్య గొర్రెలు కోశాడు. ఆడవాళ్ళు మొక్కజొన్న పిండి ఉడకబెట్టి, సొరబుర్ర డొప్పల్లో వేసి ఊపుతూ ఉండలు చేశారు. అటువైపు నుంచి పిన్నితో పాటు ఒక ట్రక్కునిండా జనం వచ్చారు. వాళ్ళలో సగంమంది మాకు చుట్టాలు, మిగతా సగం చుట్టాలమని చెప్పుకున్నారు.

రాయిని నలుగురం మోసుకుని ఇంట్లోకి తెచ్చి కిటికీ దగ్గర మంచం మీద తెల్లదుప్పటి పరిచి పడుకోబెట్టాం. మా పద్ధతి అది. ఆ రాయి మనిషే అయినట్టు ఇంట్లోవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, దాని మీద నీళ్ళు చిలకరించి, రమ్ము చిలకరించి, చెప్పాల్సింది చెప్పి వెళ్ళాలి. పెద్దకూతురిది మొదటి చెయ్యి. ఫెలిసీన్ అవ్వ నీళ్ళ చెంబు అమ్మకి అందించింది.

అమ్మ చెంబు పట్టుకుని మంచం దాకా వెళ్ళింది. వెళ్ళి, వెనక్కి తిరిగింది.

"క్లెమీ, ఇలా రా. నువ్వు ముందు పొయ్యి."

"నువ్వుండగా నేనా?"

"రావే. ఇప్పుడు నిద్రపోవట్లేదు లే."

పిన్ని వచ్చింది. చెంబు తీసుకోబోతే సగం నేల మీద ఒలికింది. మిగిలింది రాయి మీద పోసి, దాని మీద చెయ్యి వేసి ఏడవడం మొదలుపెట్టింది. మొదట మెల్లగా, తర్వాత పెద్దగా. ఫెలిసీన్ అవ్వ ఆపబోతే అమ్మ అడ్డుకుంది. "ఏడవనీ. తొందరేముంది," అంది. బయట వంటకాడ గిన్నెలు మోగుతున్నాయి. మేమంతా గోడలకి ఆనుకుని నిలబడ్డాం. పిన్ని ఏడుపు తనంతట తను ఆగేదాకా అలాగే నిలబడ్డాం.

తర్వాత అమ్మ వంతు. ఆమె నీళ్ళు పోసింది, రమ్ము పోసింది, అక్షరాల మధ్య నిలిచిన తడిని చిన్న గుడ్డతో తుడిచింది. ఏం చెప్పిందో నాకు వినిపించలేదు. పెదాలు మాత్రం కదిలాయి.

సమాధి దగ్గర గోతిలో రాయి దించి, తూకం గుండు వేలాడదీసి నిటారు చూశాను. మామయ్య అటు నెట్టు, ఇటు నెట్టు అని నా తల తింటూనే ఉన్నాడు. చుట్టూ సిమెంటు మాలు వేసి బిగించాను. ఫెలిసీన్ అవ్వ అక్కడే మొదటి పాట ఎత్తింది. ముసలి గొంతు, సన్నగా ఉంది, మధ్యలో తెగింది. తెగినచోట ఆడవాళ్ళంతా అందుకున్నారు. సాయంత్రానికి మా వాకిట్లో రమ్ము పీపాలతో చేసిన డోళ్ళు మోగాయి. ఆఫ్రికా నుంచి వచ్చిన మా తాతల జాతి పాటలు పాడాక మిగతా జాతుల పాటలు వరసగా పాడారు. అమ్మ డోళ్ళ ముందు ఆడేవాళ్ళ వలయంలోకి దిగి ఒక్క చుట్టు తిరిగింది. లంగా అంచు రెండు చేతులా పట్టుకుని, తల దించుకుని, దుమ్ము లేవకుండా. తిరిగి వచ్చి మళ్ళీ అన్నాల దగ్గర నిలబడింది. అందరూ తినేదాకా కూర్చోలేదు.

పొద్దున లేచేసరికి వాకిలంతా ఎంగిలాకులు, బోర్లించిన కుండలు, తొట్టి పక్కన నిద్రపోతున్న ఒక డోలు వాయించే మనిషి. ఆ వేళకి అమ్మ పొయ్యి రాజేసి ఉండాలి. పొయ్యి చల్లగా ఉంది. ఇంటి గుమ్మంలో క్లెమీ పిన్ని పీట వేసుకుని కూర్చుని ఉంది, చేతిలో పొడుగాటి కర్ర.

"అమ్మేది?" అన్నాను.

పిన్ని పెదాల మీద వేలు పెట్టింది. ఆమె భుజం మీదుగా లోపలికి చూశాను. అమ్మ కిటికీ దగ్గర మంచం మీద, నిన్న రాయిని పడుకోబెట్టిన దుప్పటి మీదే, చెప్పులు కూడా విడవకుండా పడుకుని ఉంది. ఒక చెయ్యి కిందికి వేలాడుతోంది. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. ఎండ ఆమె మోకాళ్ళ దాకా వచ్చింది. ఆమెను అంత పొద్దెక్కాక మంచం మీద నేను ఎప్పుడూ చూడలేదు.

మామయ్య ఏదో అడగడానికి గట్టిగా పిలుస్తూ వచ్చాడు. పిన్ని కర్ర చూపించింది. ఒక మేకపిల్ల అరుస్తూ వాకిట్లోకి వస్తే లేచి వెళ్ళి తరిమి వచ్చింది. "కుండలు తర్వాత తోముకోవచ్చు. చప్పుడు చేస్తే చంపేస్తాను. అక్క పడుకుంది," అంది గుసగుసగా.

మేం ముగ్గురం మెట్ల మీద కూర్చున్నాం. మబ్బులు ఇంకా దూరంగానే ఉన్నాయి. ఎండ మంచం తలవైపుకి జరిగాక అమ్మ లేచింది. వచ్చి గుమ్మంలో నిలబడింది. పిన్ని ఆమె ముఖంలోకి చూసింది, మామయ్య చూశాడు, నేనూ చూశాను. రాత్రి ఎవరైనా వచ్చారా అని అడగడానికి మాలో ఎవరికీ నోరు రాలేదు. ఆమె జుట్టు సరిచేసుకుని, మమ్మల్ని వింతగా చూసింది.

"ఏంటలా కూర్చున్నారు? కోకో ఎవరూ కాచలేదా?"

"నేను కాస్తాను, నువ్వు కూర్చో," అంది పిన్ని.

అమ్మ కూర్చుంది.